వలసల మీద జనాభిప్రాయం: ఏది నిదానంగా మారుతుంది, ఏది ఉన్నట్టుండి మారుతుంది

అమెరికాలో గ్యాలప్ సంస్థ 1965 నుంచి ఒకే ప్రశ్న అడుగుతూ వస్తోంది: దేశంలోకి వలసలు ఇప్పుడున్నంతే ఉండాలా, పెరగాలా, తగ్గాలా? 2020లో పెరగాలన్నవాళ్ళు 34 శాతం, తగ్గాలన్నవాళ్ళు 28 శాతం. పెంచమనేవాళ్ళు ముందుకు రావడం ఆ సర్వే చరిత్రలో అదే మొదటిసారి. నాలుగేళ్ళు తిరిగేసరికి తగ్గించమనేవాళ్ళు 55 శాతమయ్యారు. మరుసటి ఏడాది, 2025లో, మళ్ళీ 30 శాతానికి దిగారు. వలస దేశానికి మంచిదేనా అని అడిగితే ఆ ఏడాది 79 శాతం మంది అవునన్నారు. అంతకుముందు ఎన్నడూ అంతమంది ఆ మాట అనలేదు.

అయిదేళ్ళలో కోట్లమంది మనసు రెండుసార్లు తిరగబడిందా? అలా జరగదు. అయినా ఇలాంటి సర్వే వచ్చిన ప్రతిసారీ 'జనం మారిపోయారు' అని వార్త వస్తుంది, రెండు పక్షాలూ దాన్ని తమ గెలుపుగానో ఓటమిగానో చదువుకుంటాయి. ఒకే మాట కింద కొన్ని వేరువేరు సంగతులు కలిసిపోవడం వల్ల ఈ తికమక పుడుతోంది. వాటిని విడదీస్తే చాలావరకు విషయం తేటపడుతుంది.

## 'వలసదారు' అంటే ఎవరు గుర్తొస్తారు

ఐక్యరాజ్యసమితి లెక్కల్లో వలసదారు అంటే తన మామూలు నివాసాన్ని మరో దేశానికి మార్చుకున్న మనిషి. కనీసం 12 నెలలు ఉంటే దీర్ఘకాల వలస. చదువుకి వచ్చిన విద్యార్థి, కంపెనీ పంపిన ఇంజినీరు, పెళ్ళి చేసుకుని వచ్చిన భార్య, యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కుటుంబం, అందరూ ఈ లెక్కలోకి వస్తారు. 2024 నాటికి ప్రపంచంలో ఇలా పుట్టిన దేశం వదిలి ఉంటున్నవాళ్ళు 30.4 కోట్లు. అంటే ప్రపంచ జనాభాలో 3.7 శాతం.

జనం మనసులో ఉన్న బొమ్మ వేరు. 2011లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్రిటన్‌లో ఒక సర్వే చేయించారు. వలసదారులు అనగానే ఎవరు గుర్తొస్తారని అడిగితే 62 శాతం మంది ఆశ్రయం కోరి వచ్చేవాళ్ళని చెప్పారు. అంతకు రెండేళ్ళ ముందు లెక్కల ప్రకారం వచ్చినవాళ్ళలో వారి వాటా 4 శాతమే. 37 శాతంతో అందరికన్నా పెద్ద గుంపు విద్యార్థులది. వాళ్ళు గుర్తొచ్చింది 29 శాతం మందికే. కాబట్టి 'వలసలు తగ్గించాలి' అన్న జవాబు ఎవరిని ఉద్దేశించి చెప్పిందో ఆ ఒక్క అంకె చెప్పదు. అదే మనిషిని నర్సుల గురించి విడిగా అడిగితే రమ్మనొచ్చు.

## వైఖరి వేరు, పట్టింపు వేరు

ఇక అసలు సంగతికి వద్దాం. ఒక మనిషికి వలసలంటే ఇష్టమా, అయిష్టమా అన్నది వైఖరి. ఆ విషయం ఇవాళ అతని బుర్రలో ఎంత చోటు ఆక్రమించింది, దాన్ని చూసి ఓటు వేసేంత ముఖ్యమైందా అన్నది పట్టింపు. యూరప్‌లోనూ అమెరికాలోనూ ఒకే మనుషుల్ని ఏళ్ళ తరబడి మళ్ళీమళ్ళీ అడిగిన సర్వేలు చూస్తే, ఒక్కో వ్యక్తి వైఖరి ఆశ్చర్యపోయేంత నిలకడగా ఉంటుంది. ఆర్థిక మాంద్యం వచ్చినా, 2015 శరణార్థుల వెల్లువ వచ్చినా అది పెద్దగా కదల్లేదు. పట్టింపు మాత్రం నెలల్లో కొన్ని రెట్లు పెరిగి, అంతే వేగంగా పడిపోగలదు.

ఇది ఓటుగా ఎలా మారుతుందో ఊహాలెక్క ఒకటి వేసి చూద్దాం. ఒక నియోజకవర్గంలో వెయ్యిమంది ఓటర్లు. వారిలో 600 మందికి వలసలు తగ్గాలని ఉంది. కిందటి ఎన్నికల్లో వాళ్ళలో 60 మంది మాత్రమే ఆ విషయం చూసి ఓటేశారు. మిగతా 540 మంది పన్నులు, ఆసుపత్రులు, ధరలు చూసి వేశారు. ఈసారి టీవీలో నెలరోజులు సరిహద్దు దృశ్యాలే నడిచాయి. ఆ 600 మందిలో 240 మంది ఆ ఒక్క విషయం మీదే ఓటేశారు. వలస వ్యతిరేక పార్టీకి ఓట్లు నాలుగు రెట్లయ్యాయి. వైఖరి మార్చుకున్నవాళ్ళు మాత్రం సున్నా.

జర్మనీలో ఇంచుమించు ఇదే జరిగిందని చాలామంది పరిశోధకుల అంచనా. యూరో కరెన్సీకి వ్యతిరేకంగా మొదలైన ఏఎఫ్‌డీ పార్టీకి 2013లో 4.7 శాతం ఓట్లు వచ్చాయి. లక్షలాది శరణార్థులు వచ్చాక, వలసలనే ప్రధాన అంశం చేసుకుని 2017లో 12.6 శాతానికి చేరింది. ఆ మధ్యకాలంలో పశ్చిమ యూరప్‌లో సగటు వైఖరి అంతగా చెడిపోలేదు.

బ్రిటన్ అంకెలు ఇంకా చిత్రంగా ఉంటాయి. దేశానికి ముఖ్య సమస్యలేవని ఇప్సోస్ సంస్థ అడిగితే 2015 సెప్టెంబరులో 56 శాతం మంది వలసల పేరు చెప్పారు. అప్పుడు నికర వలస, అంటే వచ్చినవాళ్ళలోంచి వెళ్ళినవాళ్ళని తీసేస్తే మిగిలే అంకె, ఏడాదికి సుమారు 3.3 లక్షలు. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలా అన్న 2016 రెఫరెండం తర్వాత ఆ పట్టింపు వేగంగా పడిపోయింది. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదికి నికర వలస 9 లక్షలు దాటింది. అయినా పట్టింపు 2015 స్థాయికి చేరలేదు. తర్వాత నికర వలస సగానికి పడిపోయి, 2024లో, మొదటి అంచనా ప్రకారం, సుమారు 4.3 లక్షలైంది. సరిగ్గా ఆ తర్వాతే, 2025 వేసవిలో, వలసలు మళ్ళీ ప్రజల సమస్యల జాబితాలో పైకెక్కాయి. అంకె, ఆందోళన కలిసి నడవవని ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకదు.

## థర్మోస్టాట్ సిద్ధాంతం

మరి గ్యాలప్ ప్రశ్నకు జవాబులు అంతలా ఎందుకు ఊగాయి? ఆ ప్రశ్నలోనే 'ఇప్పుడున్న' అన్న పోలిక ఉంది. గది చల్లబడితే హీటర్‌ను వెలిగించి, వేడెక్కితే ఆర్పే థర్మోస్టాట్‌తో రాజనీతి శాస్త్రవేత్త క్రిస్టఫర్ వ్లేజియన్ 1995లో జనాభిప్రాయాన్ని పోల్చాడు. జనానికి తమకు నచ్చిన మోతాదు ఒకటి ఉంటుంది. ప్రభుత్వం దాన్ని దాటి ఒకవైపు పోతే జవాబులు రెండోవైపు మొగ్గుతాయి.

ట్రంప్ మొదటి పాలనలో ఆంక్షలు బిగిశాయి, 'పెంచండి' అన్నవాళ్ళు పెరిగారు. బైడెన్ కాలంలో సరిహద్దు దగ్గర పట్టుబడేవాళ్ళు రికార్డు స్థాయికి చేరారు, 'తగ్గించండి' అన్నవాళ్ళు పెరిగారు. 2025లో అరెస్టులు, బలవంతంగా వెనక్కి పంపడాలు జోరందుకున్నాయి, ముల్లు మళ్ళీ వలసల వైపు తిరిగింది. గది ఉష్ణోగ్రత మారినందువల్ల వచ్చిన జవాబుల్ని మనిషి స్వభావం మారినట్టు చదవకూడదు.

ఈ సిద్ధాంతానికి పరిమితి ఉంది. ప్రభుత్వం ఏం చేస్తోందో జనానికి తెలిస్తేనే థర్మోస్టాట్ పనిచేస్తుంది. అమెరికా సరిహద్దు రోజూ టీవీలో కనబడుతుంది కాబట్టి తెలుస్తుంది. వీసాల కోటాలో చిన్న మార్పు ఎవరికీ తెలియదు, అది సర్వేలో ప్రతిఫలించదు.

## నా ఉద్యోగమా, మన దేశమా

వలసలంటే భయం ఉద్యోగం పోతుందనే, అన్నది అందరికీ తోచే కారణం. దీనికి దొరికిన ఆధారాలు అంత బలంగా లేవు. ఇది నిజమైతే ఇంజినీర్లు ఇంజినీర్ల రాకను, కూలీలు కూలీల రాకను వ్యతిరేకించాలి. జెన్స్ హైన్‌ముల్లర్, మైకేల్ హిస్కాక్స్ అనే పరిశోధకులు అమెరికాలో ఈ సంగతి పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. బాగా చదువుకున్నవాళ్ళూ, అంతగా చదవనివాళ్ళూ ఇద్దరూ నైపుణ్యం ఉన్న వలసదారులకే మొగ్గు చూపారు. అంటే జనం వేసుకునే లెక్క 'నా జీతం ఏమవుతుంది' అని కాదు, 'దేశానికి వీళ్ళ వల్ల లాభమా, బరువా' అని. కొన్ని రంగాల్లో, కొన్ని చోట్ల సొంత జేబు భయమూ పనిచేస్తుంది. కాకపోతే మొత్తం బొమ్మను అది వివరించలేదు.

జీతాలు నిజంగా తగ్గుతాయా అన్నది వేరే వివాదం, అదీ ఇంకా తేలలేదు. 1980లో క్యూబాలోని మారియెల్ రేవు నుంచి సుమారు 1,25,000 మంది కొద్ది నెలల్లో అమెరికా చేరారు. అక్కడి మయామీ నగరంలో కార్మికుల సంఖ్య దాదాపు 7 శాతం పెరిగింది. స్థానికుల జీతాల మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదని ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ 1990లో తేల్చాడు. హైస్కూలు దాటని మగవాళ్ళను మాత్రమే విడదీసి చూస్తే వారి జీతాలు బాగా పడిపోయాయని జార్జ్ బోర్హాస్ 2017లో వాదించాడు. అంత చిన్న గుంపు మీద లెక్క కట్టడం నమ్మదగింది కాదని మరికొందరు జవాబిచ్చారు. ఉద్యోగాల సంఖ్య స్థిరం కాదు, వచ్చినవాడు కొనుగోలుదారు కూడా అన్నది ఒక పక్షం బలం. లాభం దేశమంతా పరుచుకుని, నష్టం ఉంటే అది కొద్దిమంది మీదే పడుతుందన్నది రెండో పక్షం బలం. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

ఆర్థిక కారణం సూటిగా పనిచేసిన సందర్భం కావాలంటే కెనడాను చూడాలి. పాతికేళ్ళ పాటు ప్రపంచంలోనే వలసలను బాగా ఆదరించిన దేశాల్లో అది ఒకటి. వలసదారులు మరీ ఎక్కువగా వస్తున్నారు అన్నవాళ్ళు ఎన్విరానిక్స్ సర్వేలో 2022లో 27 శాతం. 2023లో 44, 2024లో 58. ఏం జరిగింది? 2023లో కెనడా జనాభా ఒక్క ఏడాదిలో 3.2 శాతం పెరిగింది. 1957 తర్వాత అంత పెరుగుదల ఎప్పుడూ లేదు, దాదాపు మొత్తం వలసల వల్లే. తాత్కాలిక అనుమతి మీద వచ్చిన విద్యార్థులు, పనివాళ్ళు అందులో పెద్ద వాటా. ఇళ్ళు ఆ వేగంతో కట్టలేరు, అద్దెలు ఎగబాకాయి. జనం చెప్పిన మొదటి కారణాల్లో ఇళ్ళ కొరత ఒకటి. 2024 అక్టోబరులో ప్రభుత్వం 2025 శాశ్వత నివాస లక్ష్యాన్ని 5 లక్షల నుంచి 3.95 లక్షలకు తగ్గించింది. ఇక్కడ కదిలింది పట్టింపు ఒక్కటే కాదు, ఎంతమంది రావాలన్న కోరిక కూడా కదిలింది. వైఖరి నిలకడ అన్న మాటకు ఇది గట్టి పరీక్ష. వలస దేశ ఆర్థిక వ్యవస్థకు మేలు అన్నవాళ్ళు తగ్గినా ఇప్పటికీ గణనీయంగానే ఉన్నారు, అడ్డుచెప్పింది మోతాదుకు అని కొందరు చదువుతారు. ఒకసారి సడలిన నమ్మకం అంత తేలిగ్గా తిరిగిరాదని మరికొందరి ఆందోళన.

## సంఖ్య కన్నా వేగం, చూపు కన్నా పలకరింపు

పదివేల జనాభా ఉన్న రెండు పట్నాలు అనుకుందాం. మొదటి దాంట్లో వలసదారులు 200 నుంచి 800 అయ్యారు. రెండో దాంట్లో 3,000 నుంచి 3,600. రెండింట్లోనూ పెరిగింది 600 మందే. మొదటి ఊళ్ళో నాలుగు రెట్లు, రెండో ఊళ్ళో అయిదో వంతు. వ్యతిరేకత ఎక్కువగా మొదటి దాంట్లోనే పుడుతుంది. వేగంగా మారిన ప్రాంతం, అదే సమయంలో దేశమంతా వలసల మీద గట్టిగా నడుస్తున్న రాజకీయ చర్చ, ఈ రెండూ కలిసినప్పుడే మంట అంటుకుంటుందని డేనియల్ హాప్కిన్స్ అమెరికా ఊళ్ళను పరిశీలించి చూపాడు.

ఇక ఎదురుపడితే ఏమవుతుంది? రాయన్ ఈనోస్ బోస్టన్ శివారు రైల్వే స్టేషన్లలో చేసిన ప్రయోగం 2014లో అచ్చయింది. తెల్లవాళ్ళు ఎక్కువగా ఉండే స్టేషన్ల ప్లాట్‌ఫారాల మీద స్పానిష్ మాట్లాడే ఇద్దరిద్దరిని రోజూ ఒకే వేళకు నిలబెట్టాడు. వాళ్ళు ఎవరినీ పలకరించరు, రైలు కోసం చూస్తూ తమలో తాము మాట్లాడుకుంటారు, అంతే. మూడు రోజుల తర్వాత ఆ స్టేషన్ల ప్రయాణికులను అడిగితే వలసల మీద వారి అభిప్రాయం కటువెక్కింది. పది రోజులు అలవాటుపడ్డాక అడిగినవాళ్ళలో ఆ కటుత్వం తక్కువగా ఉంది. కేవలం కంటపడడం ఎంత చిన్నదైనా మనిషిని కదిలిస్తుంది, కొత్తదనం అరిగేకొద్దీ ఆ కదలిక తగ్గుతుంది.

పరిచయం ద్వేషాన్ని తగ్గిస్తుందన్న సిద్ధాంతం 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ చెప్పింది. ఆయన నాలుగు షరతులు పెట్టాడు: ఇరువైపులా సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, కలిసి పనిచేయడం, పైనున్న సంస్థల ఆమోదం. రైలు ప్లాట్‌ఫారం మీద ఇందులో ఒక్కటీ లేదు. ఆస్ట్రియాలో 2015లో జరిగింది చూస్తే తేడా కళ్ళకు కడుతుంది. శరణార్థులకు వసతి కల్పించిన ఎగువ ఆస్ట్రియా ఊళ్ళలో వలస వ్యతిరేక ఫ్రీడమ్ పార్టీకి మిగతా ఊళ్ళతో పోలిస్తే తక్కువ ఓట్లు పడ్డాయి. వేలమంది నడిచి దాటిపోయిన సరిహద్దు ఊళ్ళలో ఎక్కువ పడ్డాయి. వసతి ఇచ్చిన చోట పేర్లు తెలిశాయి, పిల్లలు బడికి వెళ్ళారు. దాటిపోయిన చోట మిగిలింది గుంపు తాలూకు దృశ్యం ఒక్కటే. గ్రీకు దీవుల్లో కూడా శరణార్థులు దిగి వెళ్ళిపోయేవాళ్ళే, అక్కడ వలస వ్యతిరేక గోల్డెన్ డాన్ పార్టీకి సుమారు 2 శాతం పాయింట్లు అదనంగా పడ్డాయి.

## అదుపు తప్పిందన్న భావన

ఇంగ్లిష్ చానల్‌ను చిన్న పడవల్లో దాటి బ్రిటన్ చేరినవాళ్ళు 2022లో సుమారు 46 వేలు. అదే ఏడాది వీసాలతో వచ్చినవాళ్ళ ముందు ఇది చాలా చిన్న వాటా. చర్చంతా పడవల చుట్టూనే నడిచింది. నిబంధన ప్రకారం వచ్చిన లక్షమంది కంటే, నిబంధనను దాటుకుని వచ్చిన వెయ్యిమంది 'ఎవరు నడుపుతున్నారు ఈ దేశాన్ని' అన్న ప్రశ్న రేపుతారు.

ఇక్కడ రెండు వాదాలు ఢీకొంటాయి. జనం కోరేది క్రమం అని ఒకటి. క్రమం అన్నది పైకి చెప్పే మాట, లోపలున్నది జాతి, మతం అని రెండోది. రెండో వాదం పోలండ్‌ను చూపుతుంది. 2021లో బెలారస్ సరిహద్దులో పశ్చిమాసియా నుంచి వచ్చినవాళ్ళను వెనక్కి నెట్టిన దేశం, 2022లో లక్షలాది ఉక్రెయిన్ వాళ్ళకు ఇళ్ళ తలుపులు తీసింది. మొదటి వాదం అదే ఉదాహరణను తిప్పి చెబుతుంది: ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ళలో అత్యధికులు ఆడవాళ్ళు, పిల్లలు, దాడి చేసింది పొరుగునే ఉన్న పాత శత్రువు, యూరోపియన్ యూనియన్ 2022 మార్చి 4న తాత్కాలిక రక్షణ చట్టాన్ని అమలుచేసి చట్టబద్ధమైన దారి చూపింది. 15 యూరప్ దేశాల్లో 18,000 మందికి ఊహాత్మక ఆశ్రయ దరఖాస్తులు చూపిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. పని చేయగల నైపుణ్యం, చెప్పిన కథలో పొంతన, పడిన బాధ తీవ్రత, ఇవన్నీ లెక్కలోకి వచ్చాయి. ముస్లిం అయితే మాత్రం మిగతావన్నీ సమానంగా ఉన్నా ఆమోదం తగ్గింది. రెండు వాదాల్లోనూ నిజం ఉందని నేను అనుకుంటున్నాను. మతం పాత్రను దాటవేసే విశ్లేషణ నిజాయితీగలది కాదు.

## సరైన అంకె చెబితే మారతారా

అల్బెర్టో అలెసినా బృందం ఆరు దేశాల్లో చేసిన సర్వేలో, అమెరికన్లు తమ దేశంలో చట్టబద్ధ వలసదారులు 36 శాతం ఉంటారని సగటున ఊహించారు. నిజంగా ఉన్నది 10 శాతం. అంకె సరిదిద్దితే అభిప్రాయం మారుతుందా? చాలా ప్రయోగాల్లో జనం కొత్త అంకెను ఒప్పుకున్నారు, అభిప్రాయం దాదాపు అక్కడే ఉంచుకున్నారు. వలసదారుల నేరాలు, ఉపాధి వంటి సంగతులు కలిపి చెప్పినప్పుడు కొంత మెత్తబడ్డారని మరో అధ్యయనం. ఎక్కువమంది ఉన్నారని తోచడం భయానికి కారణం కాకపోవచ్చు, భయం వల్లే ఎక్కువమంది ఉన్నట్టు తోచవచ్చు.

పార్టీ జెండా ప్రభావం అంకెల కన్నా బలమైనది. వలసదారులు దేశానికి బలం అన్నవాళ్ళు 1994లో డెమొక్రాట్లలో 32 శాతం, రిపబ్లికన్లలో 30 శాతం అని ప్యూ పరిశోధన సంస్థ సర్వే. 2019లో 83, 38. నాయకులు మాట మార్చితే ఓటర్లు మారారా, ఓటర్లే తమ అభిప్రాయానికి తగ్గ పార్టీకి చేరారా అన్నది విడదీయడం కష్టం. రెండూ జరిగాయి.

## తరాలు మారితే

సర్వేల్లో యువత, ఎక్కువ చదువుకున్నవాళ్ళు వలసల పట్ల సానుకూలంగా ఉంటారు. వయసు పెరిగితే వీళ్ళూ మారతారా, లేక ఇరవై ఏళ్ళ వయసులో ఏర్పడిన అభిప్రాయం చివరిదాకా ఉంటుందా అన్నది ఏళ్ళ తరబడి డేటా ఉంటేనే తేలుతుంది. చాలా దేశాల్లో రెండోదానికే ఎక్కువ ఆధారం. చదువు విషయంలో, కాలేజీ మనిషిని మారుస్తుందా, అలాంటి మనిషే కాలేజీకి వెళ్తాడా అన్న వాదన ఇంకా నడుస్తోంది.

శతాబ్దం దూరం నుంచి చూస్తే తరాల పని కనబడుతుంది. అమెరికా కాంగ్రెస్ నియమించిన డిలింగ్‌హామ్ కమిషన్ 1911లో 41 సంపుటాల నివేదిక ఇచ్చింది. ఇటలీ, తూర్పు యూరప్ నుంచి వచ్చేవాళ్ళు కలిసిపోయే రకం కాదన్నది దాని ధోరణి. 1924 చట్టం ఒక్కో దేశానికి 1890 జనగణనలో ఉన్న ఆ దేశస్థుల్లో 2 శాతమే కోటా ఇచ్చింది. అంత పాత జనగణనను ఎంచుకోవడానికి కారణం, అప్పటికి ఇటలీ వాళ్ళు ఇంకా పెద్ద సంఖ్యలో రాకపోవడమే. 1900ల మొదటి దశాబ్దంలో ఏటా సగటున రెండు లక్షలకు మించి వచ్చిన ఇటాలియన్లకు ఇప్పుడు దక్కిన కోటా 3,845. 1910లో 14.7 శాతమున్న విదేశాల్లో పుట్టినవాళ్ళ వాటా 1970 నాటికి 4.7 శాతమైంది. ఇవాళ ఇటాలియన్ అమెరికన్లను ఎవరూ పరాయివాళ్ళుగా చూడరు. రాకలు ఆగిపోవడం వల్లే కలిసిపోయారని ఒకరంటారు. ఆగకపోయినా కలిసిపోయేవాళ్ళే, ఆ చట్టం మిగిల్చింది తలుపు దగ్గర ఆగిపోయిన జీవితాలనే అని మరొకరంటారు.

బ్రిటన్‌లోని లెస్టర్ నగరం కథ దీనికి దగ్గరగా ఉంటుంది. 1972 ఆగస్టులో ఉగాండా నియంత ఇదీ అమీన్ ఆసియా మూలాల వాళ్ళను 90 రోజుల్లో వెళ్ళిపొమ్మన్నాడు. సుమారు 28,000 మంది బ్రిటన్ చేరారు. లెస్టర్ నగర మండలి ఉగాండా పత్రికలో డబ్బు కట్టి ప్రకటన వేయించింది: మీ మేలు కోరి చెబుతున్నాం, లెస్టర్‌కు రాకండి అని. అయినా వేలమంది వచ్చారు. 1976 స్థానిక ఎన్నికల్లో అక్కడ వలస వ్యతిరేక పార్టీ నేషనల్ ఫ్రంట్‌కు దాదాపు 18 శాతం ఓట్లు పడ్డాయి. 2022లో ఆ రాకకు 50 ఏళ్ళు నిండినప్పుడు అదే నగరం మ్యూజియంలో వాళ్ళ జీవితాల మీద ప్రదర్శన పెట్టుకుంది.

నగరం మనసు మార్చుకుందనడం ఇక్కడ సగం మాటే. 2021 జనగణనలో లెస్టర్ జనాభాలో ఆసియా మూలాల వాళ్ళు 43 శాతం, తెల్లవాళ్ళు 41 శాతం. 1972లో ప్రకటన ఎవరి గురించి రాశారో, వాళ్ళ పిల్లలూ మనవలూ ఇప్పుడు సర్వేలో జవాబిచ్చేవాళ్ళలో ఉన్నారు.